అప్‌డేట్: చింపాంజీల్లోనూ ఉన్న మా పాప జీన్ మార్పు సంగతి తేలింది

ఫిట్స్ వస్తున్నాయని మా పాపకి చేయించిన జీన్ టెస్టులో ఒక మార్పు 'అర్థం తేలనిది' అని వచ్చింది, అదే చింపాంజీల్లో మామూలుగా ఉందట, భయపడాలా అని అడిగాను కదా. తల్లిదండ్రులకీ టెస్టు చేయించమన్నవాళ్లకి థాంక్స్, పనికొచ్చింది అదే: ఏ జబ్బూ లేని నాలోనూ ఆ మార్పు ఉంది. కోతుల డేటా దానికి తోడైంది (2023లో 233 ప్రైమేట్ (కోతులు, చింపాంజీల లాంటి జంతువుల) జాతుల జీన్లు పోల్చి చూశారు, వాటిలో తరచుగా కనిపించే మార్పులు మనకీ చాలావరకు హాని చెయ్యవు), కానీ చింపాంజీలో ఇంకో మార్పు దీని హానిని సర్దేస్తుండొచ్చు కాబట్టి అదొక్కటే చాలదన్నారు జెనెటిక్ కౌన్సెలర్. ఇప్పుడు రిపోర్టులో 'బహుశా హానిలేనిది' అని మార్చారు. ఆ జీన్ తీసేస్తే ఎలుకలు చచ్చిపోయాయని చదివి రెండు రాత్రులు నిద్రపోలేదు, అనవసరపు టెన్షన్, అక్కడ జీన్ మొత్తమే లేదు, మాది జీన్ కోడ్‌లో ఒక్క అక్షరం తేడా. ఫిట్స్‌కి అసలు కారణం వేరే చోట వెతుకుతున్నారు.