మునగాకులో పనిచేసే యాంటీఆక్సిడెంట్ ఏదో తేల్చడం ఎలా?

ప్రశ్న (అనంతపురం, ఎమ్మెస్సీ):
అన్నలూ అక్కలూ, ప్రాజెక్టు కోసం మునగాకు నీడలో ఆరబెట్టి 70 శాతం మెథనాల్‌లో సారం తీశాను. డీపీపీహెచ్‌లో (యాంటీఆక్సిడెంట్ తగిలితే రంగు మారే ఊదా రసాయనం) వేస్తే ఊదా రంగు విరిగి చక్కగా పసుపుకు తిరిగింది. మా గైడ్ ఏమో "యాక్టివిటీ సరే, కాంపౌండ్ ఏది?" అంటున్నారు. ల్యాబ్‌లో స్పెక్ట్రోఫోటోమీటర్ (ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటుందో కొలిచేది) తప్ప పెద్ద మిషన్లేవీ లేవు, ఒకటే టెన్షన్.

జవాబు (కర్నూలు):
గైడ్ అడిగింది న్యాయమే. డీపీపీహెచ్ మొత్తం సారం బలం చెబుతుంది గానీ అందులో ఎవరి వాటా ఎంతో చెప్పదు. టీఎల్‌సీ (పలుచని పూత ఉన్న ప్లేటు మీద సారంలోని పదార్థాలను విడదీసే పద్ధతి) చేయండి, ఖర్చు తక్కువ. ప్లేటు బాగా ఆరాక డీపీపీహెచ్ ద్రావణం చల్లితే ఊదా నేల మీద పసుపు మచ్చలు తేలతాయి, మీరు వెతకాల్సింది అక్కడే. పోల్చడానికి పక్కన క్వెర్సెటిన్ (తెలిసిన ఒక యాంటీఆక్సిడెంట్) చుక్క పెట్టినా ఆ మచ్చలతో కలవకపోవచ్చు, కంగారుపడొద్దు, మునగాకులో అది ఎక్కువగా చక్కెరతో అతుక్కుని గ్లైకోసైడ్‌గా ఉంటుంది. కొంత సారాన్ని ఆమ్లంతో వేడిచేసి విడగొట్టి మళ్లీ నడపండి.

జవాబు (కడప):
517 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీసేటప్పుడు డీపీపీహెచ్ కలపని సారం బ్లాంక్ (పోలిక నమూనా) కూడా పెట్టారా? ఆకుపచ్చ సారం రంగు లెక్కను తారుమారు చేస్తుంది. ఫోలిన్ పరీక్ష (ఫినాల్ రకం పదార్థాల మొత్తం కొలిచేది) చేస్తే విటమిన్ సి కూడా ఫినాల్ లెక్కలో కలిసిపోతుంది, చూసుకోండి. తర్వాత యూనివర్సిటీలో హెచ్‌పీఎల్‌సీకి (పదార్థాలను విడదీసే యంత్రం) ఇవ్వండి, కానీ రిటెన్షన్ టైమ్ (పదార్థం బయటికి రావడానికి పట్టే సమయం) ఒక్కటే కలిసిందని పేరు రాసేయకండి, యూవీ స్పెక్ట్రమ్ (ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత కాంతి పీల్చుకుంటుందో చూపే గీత) కూడా కలవాలి, వీలైతే మాస్ (అణువు ద్రవ్యరాశి) కూడా.

ప్రశ్న అడిగినవారు:
సారం బ్లాంక్ పెట్టలేదండీ. రేపే మళ్లీ తీస్తాను, టీఎల్‌సీ ప్లేటు ఫొటో ఇక్కడే పెడతా.