పాత స్కీలు, వేరే బూట్లు: బైండింగులను ఇంట్లో సరిచేసుకోవచ్చా?

డెన్వర్‌కు కొత్తగా వచ్చిన విద్యార్థి:

పెద్దలందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్ చదవడానికి ఆగస్టులో వరంగల్ నుంచి ఇక్కడికి వచ్చాను. మా ల్యాబులోని వాళ్లు చలికాలంలో లవ్‌లాండ్‌కు స్కీయింగుకు వెళ్తారు, ఈసారి నన్ను కూడా రమ్మన్నారు. పోయిన నెల ఒక స్కీ స్వాప్‌లో, అంటే వాడిన సామాను అమ్మే సంతలో, బైండింగులు, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే పరికరాలు, బిగించి ఉన్న స్కీల జత చవకగా దొరికింది. బూట్లు వేరేచోట కొన్నాను. బూటును బైండింగులో పెట్టి చూస్తే మడమ వెనక వేలెడు ఖాళీ మిగులుతోంది. వెనక భాగంలో ఉన్న స్క్రూను తిప్పితే ఆ భాగం ముందుకు జరుగుతోంది కాబట్టి, దుకాణానికి వెళ్లకుండా నేనే సరిచేసుకోవచ్చా అని అడుగుతున్నాను. బూటు టక్కుమని కూర్చుంటే చాలని నా రూమ్మేట్ అంటున్నాడు. ఫీజు, అద్దె పోగా మిగిలేది తక్కువ కనుక, అనవసరమైన ఖర్చు అయితే మానుకుందామని నా ఉద్దేశం.

మొదటి జవాబు, అరోరా నుంచి:

తమ్ముడూ, స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందే అడిగారు, చాలా మంచి పని చేశారు. నేను అలా అడగకుండానే బిగించుకుని కాలు విరగ్గొట్టుకున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మీ ప్రశ్నలో రెండు పనులు కలిసి ఉన్నాయి. బైండింగు పొడవును బూటుకు సరిపెట్టడం ఒకటి. ఎంత బలం పడినప్పుడు బైండింగు బూటును వదిలెయ్యాలో నిర్ణయించడం రెండోది. మొదటి పనిని మీ బైండింగు తయారీదారు ఇచ్చిన సూచనలు పక్కన పెట్టుకుని ఇంట్లో చేసుకోవచ్చు. రెండోది మాత్రం దుకాణంలో యంత్రం మీద పరీక్షించిన తర్వాతే పూర్తయినట్టు లెక్క. మీ రూమ్మేట్ చెప్పిన ‘టక్కు’ శబ్దం ఈ రెండింటిలో దేనికీ రుజువు కాదు, ఎందుకంటే పది మిల్లీమీటర్ల తేడా ఉన్నా కొన్ని బైండింగులు అదే శబ్దంతో మూసుకుంటాయి.

బైండింగు ఒకే సమయంలో రెండు ఎదురెదురు పనులు చెయ్యాలి. వేగంగా మలుపు తిరిగేటప్పుడు బూటును వదలకుండా పట్టి ఉంచాలి, పడిపోయినప్పుడు కాలు మెలిపడకముందే వదిలెయ్యాలి. నార్వేలో పుట్టి ఆరెగాన్‌లో స్థిరపడిన హ్యాల్మర్ హ్వామ్ అనే స్కీయర్, 1937లో తన కాలు విరిగిన తర్వాతనే, వదిలే బైండింగును కనిపెట్టాడు. అంతకు ముందు బూటును స్కీకి గట్టిగా కట్టేసేవారు, మనిషి పడితే పొడవాటి ఆ చెక్క కాలిని మెలితిప్పేది. కాబట్టి వదలడం అన్నది బైండింగుకు అదనపు సౌకర్యం కాదని, దాన్ని కనిపెట్టిందే అందుకోసమని గుర్తుంచుకోండి.

ముందుగా బూటు సోల్ చూడండి. వాలు దిగడానికి వాడే మామూలు ఆల్పైన్ బూటు సోల్ చదునుగా, గట్టి ప్లాస్టిక్‌తో ఉంటుంది, దాని ప్రమాణం ఐఎస్ఓ 5355. ఈమధ్య వస్తున్న గ్రిప్‌వాక్ సోల్ నడవడానికి వీలుగా కొంచెం వంపు తిరిగి, అడుగున రబ్బరుతో ఉంటుంది. అలాంటి సోల్ ఉంటే బైండింగు మీద కూడా గ్రిప్‌వాక్ గుర్తు ఉండాలి. కొండెక్కడానికి వాడే టూరింగ్ బూట్ల సంగతి మళ్లీ వేరు. సోల్, బైండింగు ఒకదానికొకటి పొసగకపోతే ఏ స్క్రూ తిప్పినా లాభం లేదు, బూట్లయినా మార్చాలి, బైండింగులయినా మార్చాలి.

తర్వాత సోల్ పొడవు. బూటు సైజు 26.5 అని ఉంటుంది, ఆ అంకె పాదం పొడవుకు సంబంధించింది, బైండింగుకు దానితో పని లేదు. బూటు మడమ పక్కన చిన్న అక్షరాలలో 305 లాంటి మూడంకెల సంఖ్య అచ్చుపోసి ఉంటుంది. అది మిల్లీమీటర్లలో సోల్ పొడవు. ఒకే సైజు బూట్లకు కూడా ఒక కంపెనీకీ ఇంకో కంపెనీకీ ఈ పొడవు మారుతుంది. అందుకే, స్నేహితుడిదీ నాదీ ఒకే సైజు అనుకుని అతని స్కీలు ఎక్కకూడదు.

మీ స్కీలకు టో పీస్, అంటే ముందు భాగం, కదలకుండా స్క్రూలతో బిగించి ఉండి, హీల్ పీస్, అంటే వెనక భాగం, మాత్రమే పట్టాల మీద జరిగే రకమైతే, అది జరగడానికి ఒక హద్దు ఉంటుంది. పట్టా చివరి దాకా జరిపితే తప్ప బూటు పట్టనప్పుడు ఆపెయ్యండి. రంధ్రాలు కొత్తగా వేసి బిగించాల్సిన పని అది, ఇంట్లో డ్రిల్లుతో చేసేది కాదు. హీల్ పీస్‌ను జరిపితే బూటు నడిమి గీత కూడా ఆ దూరంలో సగం మేరకు స్కీ మీద జరుగుతుంది. కొద్ది మిల్లీమీటర్లయితే ఇబ్బంది లేదు. అద్దెకిచ్చే స్కీలకు ఉండే రకంలో ముందు, వెనక భాగాలు రెండూ జరుగుతాయి కాబట్టి, రెండింటినీ సర్ది నడిమి గీతను దాని చోటనే ఉంచవచ్చు.

స్క్రూలు తిప్పడానికి ఇంట్లో ఉన్న ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ వాడకండి. బైండింగులకు 3వ నంబరు పోజిడ్రైవ్ కావాలి. చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి గాని, ఫిలిప్స్ జారి స్క్రూ తలను అరగదీస్తుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట, ఫార్వర్డ్ ప్రెషర్. గుంతల మీద వెళ్లేటప్పుడు స్కీ విల్లులా వంగుతుంది, అప్పుడు టో పీస్‌కూ హీల్ పీస్‌కూ మధ్య దూరం తగ్గుతుంది. ఆ మార్పును తట్టుకోవడానికి హీల్ పీస్ లోపలి స్ప్రింగు బూటును ఎప్పుడూ ముందుకు నొక్కుతూ ఉంటుంది. ఆ ఒత్తిడి తక్కువైతే స్కీ వంగి మళ్లీ నిటారైనప్పుడు బూటు ఊరికే ఊడిపోతుంది. ఎక్కువైతే టో పీస్ మీద భారం పడి, తెరుచుకోవాల్సిన సమయంలో సరిగా తెరుచుకోదు. బూటును బైండింగులో మూసి పెట్టిన తర్వాతనే దీన్ని చూడాలి. కొన్ని బైండింగులలో వెనక ఉన్న స్క్రూ తల దాని చుట్టూ ఉన్న అంచుతో సమమట్టంగా రావాలి, కొన్నిటిలో ఒక చిన్న సూచిక గీతల మధ్యకు రావాలి. మీ మోడల్‌కు ఏది వర్తిస్తుందో దాని సూచనల పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది, ఊహించి చెయ్యకండి. ప్రతిసారి సరిచేశాక బూటు తీసి, మళ్లీ మూసి చూడండి. కుడి స్కీ సరిగా వచ్చింది కదా అని ఎడమదానికి అన్నే చుట్లు తిప్పితే సరిపోదు, రెండింటినీ వేరువేరుగా చూడాలి.

నా తప్పు సరిగ్గా ఇక్కడే జరిగింది. ఇక్కడికి వచ్చిన రెండో చలికాలంలో బూట్లు మార్చాను. పాత వాటి సోల్ 305, కొత్తవి 315. కొత్త బూటు కాస్త గట్టిగా అదిమితే మూసుకుంది కాబట్టి సరిపోయిందనుకున్నాను. అదే రోజు సాయంత్రం, చివరి దిగుడులో, నడిచేంత వేగం కూడా లేనప్పుడు పక్కకు ఒరిగిపడ్డాను. స్కీ వెనక కొస మంచులో దిగబడి కాలు నెమ్మదిగా మెలి తిరిగింది, టో పీస్ మాత్రం తెరుచుకోలేదు. ముంగాలి ఎముక మెలితిరిగినట్టుగా విరిగింది. వేగంగా పడితేనే ప్రమాదం అనుకుంటాం గాని, కొత్తవాళ్లకు నిదానంగా పడేదే ఎక్కువ మోసం చేస్తుంది. తర్వాత చూస్తే ఫార్వర్డ్ ప్రెషర్ సూచిక హద్దు దాటి ఉంది. దానికి తోడు, ఎంత బలానికి వదలాలో చూపే టో పీస్ మీది అంకె నాకన్నా బరువైన పాత యజమాని పెట్టుకున్నది. నాలుగు నెలలు ఊతకర్రలతో తిరిగాను, ఆ సంగతి అమ్మకు ఫోనులో చెప్పడానికి నాకు మూడు వారాలు పట్టింది.

ఆ అంకెనే అందరూ డిన్ అంటారు. అది బరువు, ఎత్తు, వయసు, స్కీ చేసే తీరు, సోల్ పొడవు కలిపి పట్టిక చూసి నిర్ణయించేది. పొడవైన సోల్ పొడవైన మీటలా పనిచేస్తుంది కాబట్టి, అదే మనిషికి సోల్ పొడవు పెరిగితే అంకె తగ్గుతుంది. పట్టికలో 291 నుంచి 310 దాకా ఒక గడి, 311 నుంచి 330 దాకా మరో గడి. నా 305, 315 వేర్వేరు గళ్లలో పడ్డాయన్న సంగతి నాకు అప్పట్లో తెలియదు.

రెండో జవాబు, ఫోర్ట్ కాలిన్స్ నుంచి:

పైన అన్నగారు రాసిన ప్రతి మాటా నిజం. నేను మూడు చలికాలాలు ఒక స్కీ దుకాణంలో బైండింగుల పని చేశాను కాబట్టి మరికొన్ని విషయాలు చేరుస్తాను.

దుకాణంలో చేసే పరీక్ష అంకెను చదివేది కాదు. బూటును బైండింగులో పెట్టి యంత్రంతో పక్కకు మెలితిప్పి, ముందుకు వంచి, నిజంగా ఎంత బలానికి వదులుతోందో కొలుస్తాము. పాత స్ప్రింగు బలహీనపడినా, లోపల మట్టి చేరినా, పైన 5 అని కనిపించేది లోపల 5లా పనిచెయ్యకపోవచ్చు. మీరు సంతలో కొన్న జతకు ఈ పరీక్ష ఇంకా అవసరం.

అయితే వెళ్లే ముందు దుకాణానికి ఫోను చేసి బైండింగు మోడల్ చెప్పండి. తయారీ కంపెనీలు తాము ఇప్పటికీ బాధ్యత వహించే మోడళ్ల జాబితాను దుకాణాలకు ఇస్తుంటాయి. మీ మోడల్ మరీ పాతదై ఆ జాబితాలోంచి తొలగిపోయి ఉంటే ఏ దుకాణమూ దాన్ని ముట్టుకోదు. అలా చెబితే మీ మీద కోపంతోనో, కొత్తది అమ్ముకోవాలనో అనుకోకండి. ఆ స్కీలు గోడకు తగిలించి, ఈ ఏడాదికి అద్దెకు తీసుకోవడమే మేలు.

టో పీస్ కింద బూటు ఆనే చోట జారుడు పలక ఒకటి ఉంటుంది. కొన్ని బైండింగులలో దాని ఎత్తును కూడా సరిచెయ్యాలి, బూటుకూ పలకకూ మధ్య ఎంత సందు ఉండాలో సూచనల పుస్తకమే చెబుతుంది. బూట్లు వేసుకుని పార్కింగు స్థలంలో కంకర మీద నడవకండి, అరిగిన సోల్ ఆ పలక మీద సాఫీగా జారదు. మరో ముఖ్యమైన మాట: ఐ-70 హైవే మీద మంచు కరగడానికి చల్లే మెగ్నీషియం క్లోరైడ్ కారు పైన కట్టిన స్కీల బైండింగులలోకి చేరి తుప్పు పట్టిస్తుంది. వీలైతే స్కీలను కారు లోపల పెట్టుకోండి, లేకపోతే బైండింగులకు కవరు తొడగండి.

అన్నీ సరిగా ఉన్నా, బైండింగు ముఖ్యంగా ముంగాలి ఎముకను కాపాడడానికి తయారైంది, మోకాటి లిగమెంట్లకు అది పూర్తి హామీ ఇవ్వదు. అందుకని మొదటి రోజు పాఠం తప్పకుండా తీసుకోండి. లవ్‌లాండ్ వ్యాలీ వైపు కొత్తవాళ్లకు అనువైన వాలు ఉంది.

విద్యార్థి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. బూటు మీద 309 అని ఉంది, సోల్ చదునుగానే ఉంది. హీల్ పీస్ పట్టా మధ్యలోనే సరిపోతోంది. టో పీస్ మీద అంకె 8 దగ్గర ఉంది. పట్టికలో నా అంకె నేనే చూసుకుని తగ్గించవచ్చా? స్కీ చేసే తీరు అంటే ఏమి చెప్పాలి?

మొదటి జవాబు రాసినవారు:

తమ్ముడూ, 309 అంటే గడి అంచున ఉన్నారు, కాబట్టి అంకెను టెక్నీషియన్‌కే వదిలెయ్యండి. తీరు అడిగితే మొదటి రకం, అంటే నిదానంగా, జాగ్రత్తగా వెళ్లేవాడినని నిజమే చెప్పండి. స్నేహితుల ముందు చిన్నతనమనిపించి రెండో రకం అని చెబితే అంకె పెరుగుతుంది. బరువు కూడా ఉన్నదున్నట్టు చెప్పండి.

శనివారం ఉదయం మా ఇంటికి రండి, గ్యారేజీలో పోజిడ్రైవ్ ఉంది. హీల్ పీస్ జరిపి ఫార్వర్డ్ ప్రెషర్ ఇద్దరం కలిసి చూద్దాం, ఆ తర్వాత నేనే దుకాణానికి తీసుకెళ్తాను. పరీక్షకు ఒక్క బూటు సరిపోదు, రెండు స్కీలూ, రెండు బూట్లూ తీసుకురండి. మీ వదిన పెసరట్లు వేస్తానంది కాబట్టి తినకుండా రండి.