లీడర్‌షిప్‌కి మార్కులు: కొత్త పరిశీలకులకీ అనుభవజ్ఞులకీ ఇంత తేడా ఎందుకు?

ప్రశ్న:
టీమ్ లీడ్ ఎంపికకి అరగంట గ్రూప్ డిస్కషన్ పెడతాం. పరిశీలకుల్లో ఇద్దరు కొత్త, ఇద్దరు పాత. అందరూ చూసేది ఒకటే, కానీ ఒకే అభ్యర్థికి ఒకరు 5 వేస్తే ఇంకొకరు 2 వేస్తున్నారు. సగటు తీసి సరిపెట్టేయడం సరికాదనిపిస్తోంది. కొత్తవాళ్ళకి ఏం నేర్పాలి?

జవాబు 1:
మార్కులు పక్కనపెట్టి ముందు వాళ్ళ నోట్సు చదవండి. కొత్తవాళ్ళు రాసేవి ఎక్కువగా విశేషణాలు: ‘చురుకు’, ‘కాన్ఫిడెన్స్’, ‘బాగా మాట్లాడారు’. చేయి తిరిగినవాళ్ళు జరిగింది రాస్తారు: ‘గడువు దాటుతుందని తేలగానే ఏ పని ఆపాలో చెప్పారు, అభ్యంతరం చెప్పి ఊరుకున్న మనిషిని మళ్ళీ కదిపి అడిగారు’. 1981లో మిషెలిన్ చీ, ఫెల్టోవిచ్, గ్లేజర్ అనే పరిశోధకులు ఫిజిక్స్ లెక్కలిచ్చి గుంపులుగా విడదీయమంటే, కొత్తవాళ్ళు వాలుతలం, స్ప్రింగు అంటూ బొమ్మలో కనిపించినదాన్ని బట్టి విడదీశారు, నిపుణులు లెక్క వెనకున్న సూత్రాన్ని బట్టి. ఇక్కడ బొమ్మలో కనిపించేది మాటకారితనం. గుంపులో ఎక్కువసేపు మాట్లాడినవాళ్ళే లీడర్లుగా కనబడతారని పరిశోధనల్లో పదేపదే తేలింది. అందుకే ఎవరెంతసేపు మాట్లాడారో ఒకరిచేత విడిగా రాయించండి.

జవాబు 2:
ఫలితం ముందే తెలిస్తే అనుభవజ్ఞులు కూడా బోల్తాపడతారు. ‘ఈ టీమ్ బాగా చేసింది’ అని ముందే చెప్తే, అదే ప్రవర్తనకి ఎక్కువ మార్కులు పడతాయని మనస్తత్వ పరిశోధకుడు రాబర్ట్ లార్డ్ బృందం 1970ల్లోనే చూపించింది. అభ్యర్థుల పాత టార్గెట్లు, రేటింగులు మార్కులు వేయడం పూర్తయ్యేదాకా పరిశీలకుల కంట పడనివ్వకండి.

జవాబు 3:
శిక్షణ ఇలా ఇవ్వండి. మూడు అంశాలే తీసుకోండి, నాలుగోది వద్దు. ఒక్కోదానికి 1, 3, 5 ఎలా ఉంటాయో కళ్ళకి కనిపించే ప్రవర్తనగా రాయండి. ‘వినడం’లో 1 అంటే మాటకి అడ్డుపడటం, 5 అంటే ఎదుటివాళ్ళ మాట విని తన ప్లాన్ మార్చుకోవడం. పది నిమిషాల వీడియో చూపించి ఎవరి మార్కు వాళ్ళచేత రాయించండి. తేడా 2 ఉన్నచోట వీడియో వెనక్కి తిప్పి, ఏ మాట విని ఆ మార్కు వేశారో చెప్పమనండి. సీనియర్ చివర్లోనే నోరు విప్పాలి. ముందు మాట్లాడితే కొత్తవాళ్ళు తమ మార్కు దిద్దేసుకుంటారు.

‘ఒక్క మంచి గుణం చూసి అన్నింటికీ మార్కులేయొద్దు’ అని హెచ్చరించి వదిలేస్తే మాత్రం పని చెడొచ్చు. కావాలని మార్కులు అటూ ఇటూ చల్లేసే ప్రమాదం ఉంది, కచ్చితత్వం ఇంకా పడిపోవచ్చు.

ప్రశ్న వేసినవారు:
మరి పాతవాళ్ళ మార్కుకే ఎక్కువ విలువ ఇవ్వొచ్చా?

జవాబు 1:
సర్వీసు చూసి ఇవ్వకండి. పసిగట్టే శక్తి నమ్మదగ్గదవ్వాలంటే ఆ రంగంలో నిలకడైన ఆనవాళ్ళుండాలి, వేసిన అంచనా తప్పో ఒప్పో మనకి తిరిగి తెలియాలి. 2009లో మనస్తత్వవేత్తలు కానమన్, క్లెయిన్ కలిసి తేల్చింది ఇదే. ఎంపికైనవాళ్ళ టీమ్‌లో ఏడాది తర్వాత ఎవరు వెళ్ళిపోయారు, చెడువార్త ఎంత త్వరగా పైకి వస్తోంది అన్నది చూసి, అప్పటి మార్కు షీటుతో పోల్చండి. ఆ లెక్కలో నిలబడ్డ పరిశీలకుడికే ఎక్కువ విలువ ఇవ్వండి, పాతవారైనా కొత్తవారైనా.