మాది కాని వాహనానికి పార్కింగ్ ఛార్జి: ఎలా ఎదుర్కోవాలి?

ప్రశ్న:
మేము ఇంగ్లండ్‌లో ఉంటున్నాము. ఎన్నడూ వెళ్లని ఊరిలోని ఒక ప్రైవేటు కార్ పార్కు నుంచి 100 పౌండ్లు కట్టమని నాకు నోటీసు వచ్చింది. ఫోటోను పెద్దది చేసి చూస్తే అది తెల్లటి వ్యాను; మాది నీలం రంగు చిన్న కారు. ఆ వ్యాను నంబరు ప్లేటు స్క్రూ దగ్గర బురద పట్టడంతో ‘డి’ అక్షరం కెమెరాకు మా నంబరులోని ‘ఓ’ లాగా కనిపించినట్లుంది. 14 రోజుల్లో కడితే 60 పౌండ్లే అంటున్నారు. కట్టేసి వదిలించుకోవడం మంచిదా?

జవాబు 1:
దయచేసి కట్టకండి. ఇది ప్రభుత్వ జరిమానా కాదు, ఒప్పందం ఉల్లంఘించారంటూ ఒక సంస్థ అడుగుతున్న సొమ్ము. డ్రైవరెవరో తెలియనప్పుడు 2012 నాటి చట్టం బాధ్యతను ఆ వాహనపు రిజిస్టర్డ్ కీపర్ (వాహనం ఎవరి పేరున నమోదై ఉందో ఆ వ్యక్తి) మీదకు మళ్లించగలదు గానీ, ఆ వ్యానుకు మీరు కీపరే కారు. 28 రోజుల్లోగా ఆ సంస్థకే రాతపూర్వకంగా అప్పీలు చేసి, లాగ్‌బుక్ (వాహన రిజిస్ట్రేషన్ పత్రం) నకలును, మీ కారు ఫోటోను జతచేయండి. తిరస్కరిస్తే, ఆ సంస్థ ఏ పార్కింగ్ సంస్థల సంఘంలో సభ్యురాలో దాన్నిబట్టి పాప్లా (POPLA), ఐఏఎస్ (IAS) అనే పార్కింగ్ అప్పీళ్ల సేవల్లో ఒకదానికి వెళ్లవచ్చు.

జవాబు 2:
ఒక మాట చేర్చాలి. ప్లేటు మీద అచ్చంగా మీ నంబరే స్పష్టంగా ఉంటే అది కెమెరా పొరపాటు కాదు, ఎవరో మీ నంబరును దొంగిలించి వాడుతున్నారన్నమాట. అప్పుడు వెంటనే పోలీసులకు, వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్‌ఏకు తెలియజేయాలి. ఏదేమైనా ఉత్తరాలను పక్కన పడేయవద్దు. కౌంటీ కోర్టు కాగితానికి జవాబివ్వకపోతే తప్పు మీది కాకపోయినా తీర్పు మీకు వ్యతిరేకంగా రావచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ఫోటోను మళ్లీ చూశాను, అది ‘డి’ అక్షరమే. ఈ రాత్రే అప్పీలు పంపుతున్నాను.