పాత గోవా అగస్టీన్ మఠాన్ని మళ్లీ కట్టాలా, శిథిలంగానే ఉంచాలా? (మారుపేర్లతో సాగిన చర్చ)

ప్రార్థన: హోలీ హిల్ మీద అగస్టీనియన్ల (క్రైస్తవ సన్యాసుల) గుడి, అంటే చర్చి, 1602 నాటిది. 46 మీటర్ల గంట గోపురంలో సగం 1931లో కూలిపోయింది. కప్పు వేసి, పీఠం నిలిపి, మళ్లీ పూజ జరిపించాలని నా వాదన.

రాతిగోడ: వద్దు. కొత్త భవనం కట్టి దానికి పాత పేరు పెడితే మోసమవుతుంది.

యాత్రికురాలు: గంట మాత్రం పణజి గుడిలో ఉంది. 1871లో తీసుకెళ్లారు.

ప్రార్థన: వాడుకలో ఉంది కాబట్టే అది బతికింది! ఎదురుగా శాంతా మోనికా కన్యాస్త్రీల మఠం చూడండి. 1627లో పూర్తయింది, 1636లో కాలిపోతే మరుసటి ఏడాది మళ్లీ కట్టారు. అది మోసమా? 1834లో పోర్చుగల్ ప్రభుత్వం మఠాలను రద్దు చేసినా కన్యాస్త్రీలను ఉండనిచ్చింది, కొత్తవారిని మాత్రం చేరనివ్వలేదు. చివరి కన్యాస్త్రీ 1885లో మరణించారు. ఆ మఠం నేటికీ నిలిచి ఉంది. అగస్టీన్ మఠం 1835లో ఖాళీ అయింది, 1842కల్లా గుడి కప్పు కూలింది.

రాతిగోడ: కాలిన మరుసటి ఏడాది బాగుచేసుకోవడం వేరు, దాదాపు రెండు శతాబ్దాల తరువాత ఊహించి కట్టడం వేరు. కేతెవాన్ రాణిని మరిచారా? 1624లో షిరాజ్‌లో చంపబడిన ఆ జార్జియా రాణి ఎముకలను అగస్టీనియన్లు ఇక్కడికి తెచ్చారు. తవ్వకాల్లో దొరికిన ఎముకకు మన హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ డీఎన్ఏ పరీక్ష చేసింది. 2021లో జార్జియాకు అందజేశాం. పైన కాంక్రీటు పోసి ఉంటే దొరికేదా?

కొత్తసభ్యుడు: దొరికింది కదా, ఇక కట్టవచ్చు.

రాతిగోడ: అక్కడ ఇంకేమీ లేదని ఎవరు తేల్చారు? మా ఊరి సున్నపు గోడల గుడిని చిన్నదైందని పడగొట్టి టైల్స్ అతికించారు. మా నాయనమ్మ సమాధి పలక ఏమైందో నేటికీ ఎవరూ చెప్పరు.

ప్రార్థన: మీ ఊరి కోపానికి గోవా గుడి ఎందుకు బలికావాలి? మా అమ్మ తాను జ్ఞానస్నానం పొందిన గుడిలో ఒక్క పూజ చూడాలని అడిగింది. పాతకట్టడమని తాళం వేశారు. బయట ఎండలో నిలబడి జపమాల చెప్పుకుంది. మీకు రాళ్లు భద్రంగా ఉంటే చాలు, ప్రార్థించే మనుషులు అక్కరలేదు.

రాతిగోడ: ఆ మాట మొదటే చెప్పి ఉండవలసింది. ఆ శిథిలాల మధ్య పూజ చేసుకోండి, నేను అడ్డు చెప్పను. కొత్త గోడ లేపితేనే అడ్డుపడతాను.

ప్రార్థన: మా గుడిలో మేము చుట్టాల్లా వచ్చి వెళ్లాలా?

రాతిగోడ: 1986 నుంచి అది ప్రపంచ వారసత్వ స్థలం. పూజకు రాని నాకూ అందులో హక్కుంది.

ప్రార్థన: మీ హక్కు 1986లో మొదలైంది. మాది 1602లో.