పనీర్ విరుగుడు నీటిని ఆర్‌వోతో చిక్కబరచడం: ఎక్కడ ఆపాలి?

పాలకేంద్రం_గుంటూరు
మా డెయిరీలో పనీర్ తీశాక మిగిలే విరుగుడు నీటిని ఇంతకాలం ఈటీపీకే (వ్యర్థజలాల శుద్ధి ప్లాంటుకే) పంపుతున్నాము. అందులోని లాక్టోజ్ (పాల చక్కెర) వల్ల బీఓడీ (వ్యర్థాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్) భారం మోయలేనంతగా పెరుగుతోంది కనుక, దాన్ని చిక్కబరచి పౌడర్ తయారుచేసేవారికి ట్యాంకర్లలో పంపాలని ఆలోచిస్తున్నాము. మా నీటిలో ఘనపదార్థం సుమారు 6 శాతం ఉంటుంది. ఎవాపరేటర్ (నీటిని మరిగించి ఆవిరి చేసే యంత్రం) అవసరమే లేకుండా, ఒత్తిడితో నీటిని మెంబ్రేన్ అనే సన్నని పొర గుండా దాటించే ఆర్‌వోతోనే 30 శాతానికి తీసుకెళ్లవచ్చని ఒక సరఫరాదారు అంటున్నారు. ఇలాంటి యూనిట్లు నడిపినవారు తమ అనుభవం చెప్పగలరు.

మెంబ్రేన్_పని
30 శాతం అన్న మాటను కాసేపు పక్కనపెట్టి, ముందు లెక్క చూడండి. 10,000 కిలోల విరుగుడు నీటిని 6 నుంచి 12 శాతానికి తెస్తే 5,000 కిలోల నీరు బయటికి పోతుంది. అక్కడి నుంచి 18 శాతానికి వెళ్తే అదనంగా పోయేది 1,667 కిలోలే. 18 నుంచి 24కు వెళ్తే 833 కిలోలే. అంటే ముందుకు వెళ్లేకొద్దీ తీసే నీరు తగ్గిపోతుంది, దాన్ని తీయడానికి కావలసిన ఒత్తిడి మాత్రం పెరుగుతుంది. విరుగుడు నీటి ఆస్మాటిక్ ఒత్తిడి (కరిగిన పదార్థాల వల్ల నీటిని వెనక్కి లాగే ఒత్తిడి) మొదట్లో 7 బార్ ప్రాంతంలో ఉంటుంది. 18 శాతం దగ్గర అది సుమారు 24 బార్, 24 శాతం దగ్గర 35 బార్, 30 శాతం దగ్గర 47 బార్ అవుతుంది. పంపు ఇచ్చే ఒత్తిడిలో ఇంత భాగం ఆస్మాటిక్ ఒత్తిడిని ఎదుర్కోవడానికే సరిపోతుంది, నీటిని నెట్టేది మిగిలిన భాగమే. దానికి తోడు చిక్కబడిన ద్రవం జిగటగా మారి ఫ్లక్స్‌ను (మెంబ్రేన్ గుండా నీరు దాటే వేగాన్ని) ఇంకా పడగొడుతుంది. అందుకే డెయిరీల్లో ఎక్కువమంది 18-20 శాతం దగ్గర ఆగి, మిగిలిన పనిని ఎవాపరేటర్‌కు వదిలేస్తారు.

ఇంకో అడ్డంకి లాక్టోజ్. 10 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీటిలో 15 గ్రాములకు మించి అది కరగదు. 18 శాతం కాన్సంట్రేట్‌లోనే మీరు ఆ హద్దు చుట్టుపక్కల ఉంటారు. వెంటనే స్ఫటికాలు కట్టకపోవచ్చు కానీ, చల్లని ట్యాంకులో రాత్రంతా నిల్వ ఉంచితే అడుగున ఇసుకలాగా చేతికి తగులుతుంది. ట్యాంకర్‌లో పంపేది కనుక ఈ విషయాన్ని మీ కొనుగోలుదారుతో ముందే మాట్లాడుకోండి.

పాలకేంద్రం_గుంటూరు
ధన్యవాదాలు. మరి ఎవాపరేటర్ ఎలాగూ కావాలంటే ఆర్‌వో వల్ల మిగిలేది ఎంత?

మెంబ్రేన్_పని
వంద డిగ్రీల దగ్గర ఒక టన్ను నీటిని ఆవిరి చేయడానికి సుమారు 627 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) వేడి కావాలి. ఒక దశలో వచ్చిన ఆవిరితో తర్వాతి దశను మరిగించే మూడు ఎఫెక్టుల ఎవాపరేటర్‌లో అది 250 ప్రాంతానికి తగ్గుతుంది. అదే టన్ను ద్రవాన్ని 35 బార్‌కు నెట్టడానికి సిద్ధాంతపరంగా కావలసింది ఒక యూనిట్ మాత్రమే. అన్నీ నీరుగా బయటికి రావు, పంపు నష్టాలుంటాయి, రీసర్క్యులేషన్ ఉంటుంది కనుక వాస్తవంలో దానికి కొన్ని రెట్లు ఖర్చవుతుంది. అయినా వేడితో పోలిక ఉండదు. మీ దగ్గర ఎంవీఆర్ రకం (వచ్చిన ఆవిరినే కుదించి మళ్లీ వేడికి వాడే) ఎవాపరేటర్ ఉంటే మాత్రం తేడా బాగా తగ్గుతుంది, అప్పుడు పెట్టుబడి లెక్కను విడిగా వేసుకోవాలి.

వెర్మాంట్_తెలుగు
ఇదే తర్కం ఇక్కడి (అమెరికాలోని వెర్మాంట్) మేపుల్ సిరప్ తయారీలో, అంటే మేపుల్ చెట్టు రసాన్ని మరిగించి పాకం చేయడంలో, మరింత స్పష్టంగా కనిపిస్తుంది. చెట్టు నుంచి వచ్చే రసంలో చక్కెర సుమారు 2 శాతమే. సిరప్‌కు 66 శాతం దాటాలి. ఇక్కడివారు వాడే మోటు లెక్క ప్రకారం 86ను చక్కెర శాతంతో భాగిస్తే, ఒక గాలన్ సిరప్‌కు కావలసిన రసం ఎన్ని గాలన్లో తెలుస్తుంది. 2 శాతం రసమైతే 43 గాలన్లు మరిగించాలి. ఆర్‌వోతో 8 శాతానికి తెస్తే పదకొండు గాలన్లకు దిగుతుంది, అంటే నాలుగింట మూడు వంతుల నీరు పొయ్యి ఎక్కకుండానే పోయింది. చిక్కబడిన రసం మామూలు రసం కంటే త్వరగా పాడవుతుంది కనుక, వెంటనే మరిగించగలిగినంత మేరకే యంత్రాన్ని నడుపుతారు. పర్మియేట్‌ను (మెంబ్రేన్ దాటి వచ్చిన నీటిని) పారబోయకుండా ట్యాంకులో దాచి, పని ముగిశాక మెంబ్రేన్ కడగడానికి దాన్నే వాడతారు.

బెల్లం_అనకాపల్లి
అయితే చెరకు రసానికి కూడా ఇదే పద్ధతి పెడితే బెల్లం బట్టీల్లో వంట చెరకు ఆదా అవుతుంది కదా?

మెంబ్రేన్_పని
చెరకు రసం మొదలే 18-20 బ్రిక్స్ (సుమారుగా చక్కెర శాతం) దగ్గర ఉంటుంది, అంటే మేపుల్‌వారు ఆర్‌వోతో శ్రమపడి చేరే 8 శాతాన్ని ఎప్పుడో దాటిన చోటు నుంచి మీరు బయలుదేరుతున్నారు. 40 బ్రిక్స్‌కు వెళ్లాలంటే ఆస్మాటిక్ ఒత్తిడే 55 బార్ దాకా ఉంటుంది. రసంలోని పీచు, మైనం, పిండిపదార్థం తీయకుండా మెంబ్రేన్‌కు పంపలేరు. పైగా బట్టీలో కాలేది ఊరికే వచ్చే పిప్పి. నాకైతే లాభం కనిపించడం లేదు.

ఈటీపీ_జీడిమెట్ల
మా ఫార్మా వ్యర్థజలాల్లో ఆర్‌వో ఎక్కడ పనికొస్తుందన్నది ప్రవాహాలను విడదీయడం మీదే ఆధారపడుతుంది. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల వంటి పదార్థం) ఎక్కువగా ఉన్న మదర్ లిక్కర్‌ను (మందు స్ఫటికాలు తీశాక మిగిలే ద్రవాన్ని) నేరుగా స్ట్రిప్పర్‌కు (సాల్వెంట్లను వేరుచేసే యూనిట్‌కు), ఎంఈఈకి (పలు ఎఫెక్టుల ఎవాపరేటర్‌కు) పంపుతాము. తక్కువ టీడీఎస్ నీరు బయలాజికల్ శుద్ధి అయ్యాకే ఆర్‌వోకు వెళ్తుంది, దాని రిజెక్ట్ (మెంబ్రేన్ దాటకుండా మిగిలిన చిక్కని నీరు) మళ్లీ ఎంఈఈలో కలుస్తుంది. రెండింటినీ ఒకే ట్యాంకులో కలిపేసి ఆర్‌వో పెట్టిన చోట్ల మెంబ్రేన్లు నిలవవు. సాల్వెంట్ జాడలు కూడా వాటిని దెబ్బతీస్తాయి.

పాలకేంద్రం గారికి ఒక సూచన. మీ సమస్య మెంబ్రేన్ కంటే ముందే మొదలవుతుంది. పనీర్‌కు ఆమ్లం వేసి విరుస్తారు కనుక కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి నీటిలోకి వస్తాయి. వేడి పెరిగినా, పీహెచ్ పెరిగినా అవి మెంబ్రేన్ మీద పొలుసుగా కడతాయి.

మెంబ్రేన్_పని
ఈ మాట నిజం. విరుగుడు నీరు వేడిగా వస్తుంది. మామూలు మెంబ్రేన్లు 45-50 డిగ్రీలకు మించి తట్టుకోవు. క్లారిఫైయర్‌తో పనీర్ రవ్వలను, సెపరేటర్‌తో కొవ్వును తీసి, ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్‌లో చల్లార్చి పంపండి. 10 డిగ్రీల దగ్గర నడిపితే సూక్ష్మజీవులు అదుపులో ఉంటాయి కానీ, ఒక్కో డిగ్రీ తగ్గినప్పుడల్లా ఫ్లక్స్ సుమారు 3 శాతం పడిపోతుంది కనుక మెంబ్రేన్ వైశాల్యం ఎక్కువ కావాలి. కడిగేటప్పుడు ప్రొటీన్, కొవ్వుల కోసం క్షారం, పొలుసు కోసం ఆమ్లం వాడాలి. పాలిఅమైడ్ మెంబ్రేన్ క్లోరిన్‌కు ఓర్వదు కాబట్టి, ఆ లైనులో హైపో (క్లోరిన్ ఉన్న కడుగు ద్రావణం) వాడకుండా ఆపరేటర్లకు గట్టిగా చెప్పండి.

పాలకేంద్రం_గుంటూరు
18 శాతం దగ్గర ఆపేలా కొటేషన్ మార్చమని అడుగుతాను. ట్రయల్‌ను మా నీటితోనే, ఒక పూర్తి షిఫ్టు నడిపి, కడిగాక ఫ్లక్స్ తిరిగి మొదటి స్థాయికి వస్తోందో లేదో చూపించాలని షరతు పెడుతున్నాను. లాక్టిక్ ఆమ్లం పర్మియేట్‌లోకి కొంత దాటుతుందని విన్నాను, బాయిలర్‌కు వాడవచ్చా?

మెంబ్రేన్_పని
అలాగే వాడకండి. రెండో ఆర్‌వో దాటించాక చూడవచ్చు. అప్పటిదాకా సీఐపీ (యంత్రాలను విప్పకుండా కడగడం) తొలి కడుగుకు సరిపోతుంది.