డబుల్ క్యాబ్ పికప్‌కి చక్రాలు 16 ఇంచులా, 18 ఇంచులా, 20 ఇంచులా? నడుము సంగతి కూడా చూసి చెప్పండి

మిర్చి టిక్కీ (గుంటూరు):
అందరికీ నమస్కారం. రెండు నెలల కింద సెకండ్ హ్యాండ్‌లో డబుల్ క్యాబ్ పికప్ (రెండు వరసల సీట్లు, వెనక సామాను తొట్టి) ఒకటి తీసుకున్నా. వారంలో మూడు రోజులు సత్తెనపల్లి వైపు పొలానికి, సీజన్‌లో యార్డుకి ఐదారు మిర్చి టిక్కీలు (బస్తాలు) వేసుకుని, ఆదివారం ఇంట్లోవాళ్లతో బెజవాడకి. ఇప్పుడు బండికి ఉన్నవి 245/70 ఆర్16, ఇనప డిస్కులు. తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు వెనక సీట్లో కూర్చున్న మా అమ్మ "దీనికంటే ట్రాక్టర్ ట్రక్కే నయం రా" అంటోంది. టైర్లు ఎలాగూ అరిగిపోయాయి, మార్చాలి. ఆటోనగర్‌లో ఒక షాపాయన 20 ఇంచుల అలాయ్‌లు చూపించి, చక్రం పెద్దదైతే గుంటలు తెలియవు, రోడ్డు మీద పట్టు కూడా పెరుగుతుంది అన్నాడు. మా బావమరిది 18 చాలంటాడు. మా పంచర్ షాపతను అసలు 16 నుంచి కదలొద్దంటాడు. ముగ్గురు మూడు మాటలు చెప్పారు, మీరు నాలుగోది చెప్పకుండా కొంచెం తేల్చండి.

బెజవాడ స్టీరింగ్:
బ్రో, 18కి వెళ్లిపో, రెండో ఆలోచన వద్దు. టొయోటా హైలక్స్ పికప్‌లో పై వేరియంట్‌కి కంపెనీవాళ్లు ఇచ్చేది 265/60 ఆర్18, ఇసుజు వి-క్రాస్‌లో పై వేరియంట్‌కి 255/60 ఆర్18. వాళ్లకి తెలియకనా ఇచ్చింది? నేను ఇంతకు ముందు 16ల మీద నాలుగేళ్లు తిరిగా. కాజ టోల్ దాటాక లారీని తప్పించి లేన్ మారితే, స్టీరింగ్ తిప్పిన కాసేపటికి గానీ బండికి కబురు అందేది కాదు. ముందు టైరు బుగ్గ వంగాలి, తర్వాత బాడీ వాలాలి, ఆ తర్వాత మలుపు. 18 వేశాక ఆ ఊగిసలాట పోయింది. అమ్మగారి సంగతి అంటావా, అది చక్రం తప్పు కాదు, పికప్ అంటేనే అంత.

కమాన్ కట్ట (ఆటోనగర్):
గుంటలు తెలియవు అన్న ఆ షాపాయన మాట దగ్గర ఆగుదాం ముందు. చక్రం పెద్దదైతే గుంట తెలియదన్నది నిజమే, కానీ ఏ చక్రం? నేల నుంచి టైరు పైదాకా కొలిచే ఎత్తు పెద్దదైతే. రిమ్ము పెంచి టైరు మందం తగ్గించి మొత్తం ఎత్తు అక్కడే ఉంచితే గుంటకి ఏం తెలుస్తుంది, లోపల 16 ఉందో 20 ఉందో!

మన చిన్నప్పటి ఎడ్లబండి గుర్తుందా? మనిషి ఛాతీ దాకా వచ్చే చెక్క చక్రం, చుట్టూ ఇనప పట్టా. బురదలో, గుంటలో సులువుగా దిగి ఎక్కేది, కానీ డొంకలో పది నిమిషాలు కూర్చుంటే ఒళ్లు హూనం. తర్వాత టైరు బండ్లు వచ్చాయి. చక్రం సగానికి సగం చిన్నది, అయినా దాని మీద నిద్రపోయేవాళ్లు. తేడా అంతా గాలిది. నువ్వు 20 వేసుకుంటే ఆ చెక్క చక్రం వైపు రెండడుగులు వేసినట్టే. ఇరవై ఏళ్లుగా కమాన్ల (లీఫ్ స్ప్రింగుల) పనే చేస్తున్నా, ఖాళీ పికప్ ఎగిరేది ఎందుకో కింద చెబుతా, ఒక బండి జాకీ మీద ఉంది, చూసొస్తా.

లెక్కల మాస్టారు (తెనాలి):
మాటలు కాదు, అంకెలు చూడండి. 245/70 ఆర్16 అంటే వెడల్పు 245 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ (రిమ్ము అంచు నుంచి నేలదాకా ఉండే టైరు మందం) దానిలో 70 శాతం, అంటే 171.5. అటూ ఇటూ రెండు సైడ్‌వాల్స్, మధ్యలో రిమ్ము 406.4, మొత్తం ఎత్తు 749.4 మి.మీ. అదే 255/60 ఆర్18 అయితే సైడ్‌వాల్ 153, మొత్తం ఎత్తు 763.2. ఇక 20కి సరిపోయే 255/50 చూస్తే సైడ్‌వాల్ 127.5, మొత్తం 763.

అర్థమైందా? 18కీ 20కీ బయట ఎత్తు ఒకటే, కానీ మధ్యలో రెండున్నర సెంటీమీటర్ల గాలి మాయమైంది. 16 నుంచి 18కి వెళ్తే పోయేది 18.5 మి.మీ., పైగా బండి ఓ 7 మి.మీ. లేస్తుంది. కాబట్టి 18నీ 20నీ ఒకే గాటన కట్టి తిట్టకండి. 153 మి.మీ. సైడ్‌వాల్ చిన్నదేం కాదు, చాలా చిన్న కార్లకి అంత ఉండదు. ఇంకో చిన్న విషయం, ఎత్తు 1.8 శాతం పెరుగుతుంది కాబట్టి మీటరు 100 చూపిస్తున్నప్పుడు ఇప్పటికంటే దాదాపు 2 కి.మీ. ఎక్కువ వేగంలో ఉంటారు. స్పీడ్ కెమెరాలు ఉన్నచోట గుర్తుంచుకోండి.

బెజవాడ స్టీరింగ్:
మాస్టారూ, అదే కదా నేనన్నది. థాంక్స్.

లెక్కల మాస్టారు (తెనాలి):
నేను మీ పక్షం అనలేదండీ. లెక్క చెప్పానంతే.

రోడ్డు పని (నరసరావుపేట):
ఇక్కడ ఎవరూ రోడ్డు గురించి మాట్లాడట్లేదు. నేను చేసేది ఆ పనే కాబట్టి చెబుతున్నా. మన గుంటూరు, పల్నాడు వైపు నేల నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది, మీద వేసిన తారు దాంతో పాటే లేచి దిగి అలల్లా తయారవుతుంది. ఆ అలల మీద బండి ఊయలలా ఊగడానికి రిమ్ము సైజుతో పెద్దగా సంబంధం లేదు, అక్కడ పని చేయాల్సింది కమాన్లు, షాక్ అబ్జార్బర్లు. ఇక రెండో రకం ఉంది చూశారూ, అంచు తెగిన గుంట, కల్వర్టు దగ్గర మెట్టు, ఫ్లైఓవర్ జాయింట్లు, రాత్రికి రాత్రి పైపు కోసం తవ్వి కంకర పోసి వదిలేసిన చీలిక. అవి తగిలినప్పుడు షాక్ అబ్జార్బర్ కదిలేలోపే టైరు ఆ అంచుని తన ఒంట్లోకి మింగాలి. అక్కడ మాత్రం ప్రతి సెంటీమీటరు సైడ్‌వాల్ లెక్కకి వస్తుంది. మీ అమ్మగారు ఏ రోడ్డు మీద తిట్టారో కనుక్కోండి ముందు.

నల్ల అలాయ్ (విజయవాడ):
20 మీద తిరిగేవాణ్ణి నేనొక్కణ్ణే ఉన్నట్టున్నా ఇక్కడ. నిజం చెబుతా, అందం కోసమే వేశా. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ మీద వెళ్తుంటే బండి పట్టాలెక్కినట్టు ఉంటుంది, మలుపులో వాలదు, దాంట్లో అబద్ధం లేదు. కానీ పోయిన వానాకాలం తాడేపల్లి దాటాక నీళ్లు నిండిన గుంట కనపడలేదు. ఠంగ్ మని ఒకటే చప్పుడు. ముందు ఎడమ రిమ్ము అంచు వంగింది, టైరు పక్కన బుడిపె వచ్చింది, రెండూ పోయాయి. వంగిన అలాయ్‌ని వేడిచేసి సాగదీసి ఇస్తామన్నారు ఒకచోట, నాకు ధైర్యం చాలలేదు, కొత్తదే కొన్నా. ఇంకోటి, పెద్ద సైజులో నచ్చిన టైరు కావాలంటే రోజుల తరబడి ఆగాలి, 16 అయితే ఏ ఊళ్లో అడిగినా దొరుకుతుంది. ఇప్పుడు గుంట కనిపిస్తే బండిని ముసలాయన నడిపినట్టు నడుపుతున్నా. మళ్లీ కొనాల్సి వస్తే 20 వేస్తానా అంటే, వేస్తానేమో, ఏం చేస్తాం.

బెజవాడ స్టీరింగ్:
హహ, నిజాయతీకి దండం బ్రో. కానీ ఒక మాట, పెద్ద అలాయ్ అంటే బరువు అని అందరూ అనేస్తారు. ఇనప 16 డిస్కు తేలికేం కాదు. రెండూ కాటా మీద పెట్టి చూడండి, అప్పుడు మాట్లాడదాం.

లెక్కల మాస్టారు (తెనాలి):
కాటా ఒక్కటే చాలదు. బరువు సమానంగా ఉన్నా, 18లో ఆ లోహం ఇరుసు నుంచి ఇంకా దూరంగా ఉంటుంది. తిరిగే వస్తువులో దూరం వర్గంలో లెక్కకొస్తుంది, అంటే దూరం రెట్టింపైతే ప్రభావం నాలుగింతలు. అందుకే బండి కదలడానికీ ఆగడానికీ కొంచెం ఎక్కువ కష్టపడుతుంది. అదీగాక కమాన్లకి కింద వేలాడే బరువు ఎంత ఎక్కువైతే గుంటలో చక్రం నేలని వదిలి ఎగిరి మళ్లీ కుదురుకోవడం అంత ఆలస్యం. పికప్‌లో వెనక ఇరుసు మొత్తం ఒకే దుంగ, ఎడమ చక్రం గుంటలో పడితే కుడి పక్కకీ కుదుపు వెళ్తుంది. ఆ బరువు ఇప్పటికే ఎక్కువ, దానికి ఇంకా చేర్చడం దేనికి?

కమాన్ కట్ట (ఆటోనగర్):
వచ్చా. ఇప్పుడు అసలు రోగం. వెనక కమాన్ కట్టలు తయారుచేసింది తొట్లో బరువు ఉంటుందని. ఖాళీగా ఉన్నప్పుడు వాటికి పని లేదు, కర్రలా నిలబడి ఉంటాయి. అనుమానం ఉంటే రెండు క్వింటాళ్ల బస్తాలు వేసి అదే రోడ్డు మీద నడుపు, వేరే బండి అనిపిస్తుంది.

దీనికి తోడు గాలి. మనవాళ్లలో సగం మంది "బరువేస్తాం కదా" అని వెనక టైర్లు రాయిలా కొట్టించి, ఖాళీగా కూడా అలాగే తిరుగుతారు. డ్రైవర్ డోరు ఫ్రేము మీద స్టిక్కర్ ఉంటుంది, ఖాళీకి ఎంత, లోడుకి ఎంత అని. టిక్కీ గారూ, అది చదివి, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి. రిమ్ముకి లక్ష పెట్టేముందు ఈ పని చేయండి, దీనికి పది రూపాయలు కూడా కాదు. షాక్ అబ్జార్బర్ దగ్గర ఆయిల్ కారిందేమో, బుష్‌లు పోయాయేమో చూపించండి, సెకండ్ హ్యాండ్ బండి కదా.

సైజు మార్చినా మార్చకపోయినా లోడ్ ఇండెక్స్ చూడకుండా టైరు కొనొద్దు. సైజు పక్కన 111 అని ఉంటే ఆ టైరు 1090 కేజీల దాకా మోస్తుంది, 108 అయితే 1000. బరువు మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. గాలికి చోటు తగ్గితే ఆ మేరకు ఎక్కువ కొట్టాలి, ఎక్కువ కొడితే మళ్లీ గట్టిపడుతుంది. బయటికి పొడుచుకొచ్చే ఆఫ్‌సెట్ రిమ్ములు, చక్రాన్ని బయటికి జరపడానికి మధ్యలో వేసే స్పేసర్లు అసలు వద్దు, హబ్ బేరింగులు తినేస్తాయి, అలా వచ్చిన బండ్లు నా దగ్గర ఎప్పుడూ ఒకటి ఉంటుంది.

రోడ్డు పని (నరసరావుపేట):
ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా సైజు మార్చడం కూడా వద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. ఆ మోడల్‌కి కంపెనీయే 16, 18 రెండూ ఇస్తుంటే మీకు చిక్కుండదు. 20 సంగతి మీ ఇష్టం.

బెజవాడ స్టీరింగ్:
అందరూ కలిసి స్టీరింగ్ సంగతి మర్చిపోయారు. నడుము ఒక్కటేనా, హైవే మీద ప్రాణం కూడా ముఖ్యమే కదా. టిక్కీ బ్రో, ఒక పని చేద్దాం. మన రెండు బండ్లకీ ఆరు నట్లే, పీసీడీ (నట్లు ఉండే వలయం వ్యాసం) 139.7 మి.మీ. రిమ్ము మధ్య హబ్ రంధ్రం, ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి, బయటికి కూర్చుంటుందనేది) కలిస్తే ఆదివారం నా 18లు నీ బండికి ఎక్కించి చూద్దాం. అలాయ్‌కి నట్లు వేరు, నావి తెస్తా. ఈలోపు గాలి సరిచేసుకుని రా, లేకపోతే పోలిక కుదరదు.

మిర్చి టిక్కీ (గుంటూరు):
ఆదివారం అయిపోయింది, చెప్పినమాట ప్రకారం రాస్తున్నా. ముందు గాలి సంగతి. వెనక టైర్లలో స్టిక్కర్ మీద ఖాళీ బండికి రాసినదానికంటే 12 పీఎస్ఐ ఎక్కువ ఉంది, అమ్మినాయన అలాగే ఇచ్చాడో, పంచర్ షాపులో కొట్టారో తెలియదు. అది దించగానే సగం బాధ పోయింది. వెనక కుడివైపు షాక్ అబ్జార్బర్ తడిగా కూడా ఉంది, రెండూ మార్చాలి.

తర్వాత చక్రాలు. మంగళగిరిలో కలిసి, మాస్టారి లెక్క పక్కన పెట్టుకుని, రెండింటికీ ఒకే గాలి పెట్టి తిప్పాం. హైవే మీద స్టీరింగ్ భాయ్ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం, లేన్ మారేటప్పుడు 18 మీద బండి వెంటనే మాట విన్నది, 16 కొంచెం నసిగింది. ఉండవల్లి దాటాక కరకట్ట మీద మాత్రం తెగిన అంచుల దగ్గర 18 గట్టిగా తగిలింది, మరీ భరించలేనంత కాదు గానీ చేతికి తెలుస్తోంది. అలల్లా ఉన్న చోట రెండింటికీ తేడా నాకైతే కనపడలేదు. అమ్మకి ఏ చక్రం ఉందో చెప్పకుండా వెనక కూర్చోబెట్టాం. కరకట్ట మీద "ఇందాకటిదే నయం" అంది, ఇందాకటిది 16. హైవే మీద అడుగుదామంటే రెండుసార్లూ కాజ దాకా నిద్రపోయింది.

నా తిరుగుడు ఎక్కువ సత్తెనపల్లి వైపు కాబట్టి 16లోనే ఉంటున్నా. 111 లోడ్ ఇండెక్స్, హైవే రకం టైర్లు చెప్పేశా, బురద టైర్లు వద్దనుకున్నా. బావమరిది రెండు రోజులుగా ఫోన్ ఎత్తట్లేదు.

బెజవాడ స్టీరింగ్:
వారానికి నాలుగు రోజులు హైవే మీద తిరిగేవాడివైతే ఇలా రాసేవాడివి కాదు, అది ఒప్పుకో చాలు. నా వీల్ స్పానర్ నీ తొట్లోనే ఉండిపోయింది, ఈసారి వచ్చేటప్పుడు తీసుకురా.